నెలసరి ఆగిందని మందులు మాన్పించకండి

స్కిజోఫ్రేనియాకు మాత్రలు వాడి కుదుటపడిన పెళ్లికాని అమ్మాయికి రెండు మూడు నెలలుగా బహిష్టు రాలేదనుకోండి. రొమ్ముల నుండి పాలు కూడా వస్తున్నాయి. ఇంట్లో పెద్దలకు మొదట ఏం అనుమానం వస్తుందో చెప్పనక్కరలేదు. అమ్మాయిని నిలదీస్తారు, లేదా ఎవరికీ చెప్పకుండా మాత్రలు మాన్పిస్తారు. మాత్రలు ఆపితే నెలసరి రావచ్చు గాని, దానితోపాటు జబ్బూ తిరగబెడుతుంది.

మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. బాలింతకు పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను అక్కడ తయారవుతుంది. మిగతా సమయాల్లో అది ఎక్కువ కాకుండా డోపమిన్ అనే రసాయనం కళ్లెం వేసి ఉంచుతుంది. చెవిలో లేని మాటలు వినిపించడం, అకారణ అనుమానాలు తగ్గడానికి ఇచ్చే మందులు మెదడులో ఈ డోపమిన్ పనినే అడ్డుకుంటాయి. గ్రంథి దగ్గరా అదే జరిగి కళ్లెం వదులవుతుంది, ప్రొలాక్టిన్ పెరుగుతుంది.

అన్ని మందులూ ఒకలా ఉండవు. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ ఎక్కువగా పెంచుతాయి. ఓలాంజపిన్ అంతగా పెంచదు. క్వెటియాపిన్, క్లోజపిన్‌లతో చాలా తక్కువ.

మగవారికీ ఈ బాధ ఉంది. రొమ్ములు ఉబ్బుతాయి, దాంపత్య కోరిక తగ్గుతుంది. వారు సిగ్గుపడి నోరు విప్పరు. భార్య అయినా వైద్యునికి చెప్పాలి. ఏళ్ల తరబడి నెలసరి రాకపోతే ఎముకలు పలచబడతాయి కాబట్టి ఓర్చుకుని ఊరుకోవడమూ మంచిది కాదు.

రక్తపరీక్షలో ప్రొలాక్టిన్ సాధారణంగా స్త్రీలలో మిల్లీలీటరుకు 25, పురుషులలో 20 నానోగ్రాముల లోపు ఉంటుంది. ల్యాబును బట్టి కొద్ది తేడా ఉండవచ్చు. నిద్రలోనూ, కంగారులోనూ ఇది పెరుగుతుంది. అందుచేత లేచిన రెండు మూడు గంటల తరువాత, కాసేపు స్థిమితంగా కూర్చున్నాక రక్తం ఇవ్వండి. థైరాయిడ్ తగ్గినా, వాంతులకు షాపులో కొనే డోంపెరిడోన్ వాడినా ఇది పెరుగుతుంది గనుక ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ తెచ్చి చూపించండి. గర్భపరీక్ష కూడా చేయిస్తారు. అది అందరికీ చేసేదే, అనుమానించి కాదు. తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే వెంటనే చెప్పండి.

వైద్యులు మోతాదు తగ్గించవచ్చు, మెల్లగా వేరే మందుకు మార్చవచ్చు, లేదా ప్రొలాక్టిన్‌ను తగ్గించే అరిపిప్రజోల్‌ను కొద్దిగా కలపవచ్చు. మందు మారాక నెలసరి రాకముందే గర్భం నిలిచే వీలుంది. పెళ్లయినవారు ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

విశాఖపట్నం మానసిక వైద్యశాల దాకా వెంటనే వెళ్లలేనివారు 14416కు ఫోను చేస్తే టెలీమానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. అంతవరకు ఈ రాత్రి మాత్ర మాత్రం మానవద్దు.