కత్తుల సేకరణ: ఒక సమర్థన

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మన పెద్దలు అన్నారు. కొందరు తపాలా బిళ్ళలను కూడబెడతారు. కొందరు పాత నాణేలను వెదకి తెచ్చుకుంటారు. వారిని చూచి ఎవ్వరూ నొసలు చిట్లించరు; పైపెచ్చు విద్యార్థికి తగిన వ్యాసంగమని మెచ్చుకుంటారు. కాని మేము పాత కత్తులను సేకరిస్తున్నామని చెప్పగానే మిత్రుల ముఖకవళికలు మారిపోతాయి. "కత్తులా? ఎవరి మీదికి?" అని నవ్వుతూ అడిగేవారు కొందరు, నవ్వకుండా అడిగేవారు మరికొందరు. ఈ ప్రశ్న తేలికగా తీసివేయదగినది కాదు. ఇది హింసాప్రవృత్తికి దారితీయదా, చట్టం దీనిని అనుమతిస్తుందా, డబ్బు దండుగ కాదా, మనవంటి వారికి ఇది క్షేమమేనా అని వారి సందేహాలు నాలుగు విధాలుగా వున్నవి. వాటికి మేము ఇచ్చుకోగల సమాధానమే ఈ వ్యాసం.

మొట్టమొదట చెప్పవలసినది ఏమనగా, కత్తి అనగానే ఆయుధమే స్ఫురించడం సమంజసం కాదు. ఉదయం లేచినది మొదలు మనిషి బ్రతుకు కత్తితోనే ముడిపడి వున్నది. వంటింట కత్తిపీట, పొలంలో కొడవలి, తాంబూలపు పళ్ళెంలో అడకత్తెర, మంగలి పొదిలో మంగలికత్తి, చెప్పులు కుట్టేవాని చేతిలో రంపె, తాటిచెట్టు ఎక్కే గీతపనివాని నడుమున గీతకత్తి, వైద్యుని చేతిలో శస్త్రం: ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. వీటిలో ప్రతి ఒక్కదాని వంపు, బరువు, పిడి, అంచు ఆయా పనిని బట్టి ఏర్పడినవే. గడ్డి కోసే కొడవలి లోపలికి ఎందుకు వంగి వుంటుంది? గుప్పెడు గడ్డిని కూడదీసి తనవైపు లాగుకోవడానికి. తోలు కోసే రంపెకు అంచు వెడల్పుగా ఎందుకు వుంటుంది? మణికట్టు కొద్దిగా త్రిప్పినంత మాత్రాన తోలు తెగడానికి. చూడనేర్చిన కంటికి కత్తి ఒక గ్రంథం; దానిని పట్టిన చెయ్యి ఏమి పని చేసినదో అందులో వ్రాసి వున్నది.

ఉర్దూ, తెలుగు రెండింటినీ నేర్చే మన కళాశాల విద్యార్థులకు ఒక సంగతి ప్రత్యేకంగా మనవి చేయాలి. ఈ రెండు భాషల అక్షరాలూ కత్తిమొన వద్దనే పుట్టినవి. ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ లిపులను వ్రాసే కాతిబు రెల్లుకలాన్ని చెక్కుకొనడానికి వాడిన చిన్న కత్తి పేరు 'కలమ్‌తరాష్'. కలం మొనను ఏటవాలుగా కోయడాన్ని 'ఖత్' అంటారు. ఆ కోత వాలు ఏమాత్రం మారినా నస్తాలీఖు అక్షరపు సన్నము, లావు మారిపోతాయి. ఇటు తెలుగు పండితుడు తాటాకును కత్తితో సమంగా కత్తిరించి, గంటంతో గీచి, ఆ గీతలలో మసి నింపేవాడు. ఒక కొన గంటంగాను, మరొక కొన కత్తిగాను వున్న పరికరాలు దక్షిణదేశంలో వాడుకలో వుండేవి. ఇంగ్లీషులో చిన్న మడతకత్తిని ఈనాటికీ 'పెన్‌నైఫ్' అనడానికి కారణమూ ఇదే. పూర్వం ఈక కలాలను చెక్కినది ఆ కత్తియే. కావున కత్తి విద్యకు శత్రువని ఎవరైనా అంటే మేము అంగీకరించలేము.

మన పలుకుబడులను చూచినా ఇదే తోస్తుంది. వాన పడి దున్నకానికి అనువైన నేల పదునైన నేల. చురుకైన బుద్ధి పదునైన బుద్ధి. ఇబ్బందిలో పడినవాడు అడకత్తెరలో పోకచెక్క; కష్టమైన కార్యం కత్తిమీద సాము. ఉర్దూలో కత్తి మెరుగును 'ఆబ్' అంటారు. ఆ మాటకు నీరు అనే అర్థమూ కలదు. మేలిమి ఉక్కు అలుగుపై కనిపించే నీటి అలలవంటి చారలను 'జౌహర్' అంటారు. ఆ మాటకే రత్నమని, మనిషిలోని సారమని కూడ అర్థాలున్నవి.

ఆ జౌహరు కథ మన తెలుగునేలకు సంబంధించినదే. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు ఉక్కు తయారీకి పేరుపొందిన గ్రామం. ఇనుమును, బొగ్గుగా మారే పదార్థాలను మట్టిమూసలలో వుంచి, మూతి మూసి, కొలిమిలో చాలా గంటలపాటు కాచి, నెమ్మదిగా చల్లార్చేవారు. ఇనుము కొంత కర్బనాన్ని పీల్చుకొని ఉక్కుగా మారి మూస అడుగున బిళ్ళగా గడ్డకట్టేది. సాధారణంగా అందులో కర్బనం నూటికి ఒకటిన్నర వంతు వుంటుంది. ఈ ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారని పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ఆ గ్రామాన్ని దర్శించిన వాయిసీ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు వ్రాసినాడు. డమాస్కసు కత్తులని లోకం కీర్తించిన వాటికి ఇటువంటి భారతీయ ఉక్కు ముడిసరుకు. హిందూదేశపు ఉక్కుతో చేసిన ఖడ్గానికి అరబ్బీలో 'ముహన్నద్' అనే పేరు కలదు. ఐరోపావారు దీనిని 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' నుండియే వచ్చినదని పలువురు పండితుల అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ లండను రాయల్ సొసైటీలో దీనిపై పరిశోధనపత్రం సమర్పించినాడు. ఆ తరువాత కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారునితో కలిసి, ఈ ఉక్కు మర్మాన్ని కనుగొనడానికి కొన్నేండ్లు శ్రమించినాడు.

ఇక్కడే మా వ్యాసంగానికి బలమైన సమర్థన వున్నది. మూస ఉక్కు పరిశ్రమ క్రమంగా అంతరించినది. ఎంత వేడిలో సాగగొట్టాలి, ఎప్పుడు ఆపాలి అనే మెళకువలు కమ్మరి చేతిలోనే వుండి చేతితోనే పోయినవి. మిగిలినవి కత్తులు మాత్రమే. హెన్రీ మోజర్ అనే స్విట్జర్లాండు దేశస్థుడు తూర్పుదేశాల ఆయుధాలను సేకరించి 1914లో బెర్న్ నగర చరిత్ర మ్యూజియానికి దానం చేసినాడు. ఆ సేకరణలోని కొన్ని కత్తులను పరిశోధకులు ముక్కలుగా కోసి పరీక్షించినారు. 1998లో వెర్హోవెన్ అనే అమెరికా లోహశాస్త్రజ్ఞుడు, పెండ్రే అనే కమ్మరి తమ సహచరునితో కలిసి ఆ ముక్కలనే పరిశీలించి, ముడి ఇనుములో లేశమాత్రంగా వున్న వనేడియం వంటి మూలకాల వల్లనే జౌహరు చారలు ఏర్పడతాయని వివరించినారు. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు అదే మ్యూజియపు కత్తిముక్కలో అతి సూక్ష్మమైన కర్బన నాళికలను చూచినారు. ఒక సేకర్త ఆనాడు ఆ కత్తులను కూడబెట్టి వుండకపోతే ఈనాడు పరీక్షించడానికి ఏమి మిగిలేది?

హైదరాబాదు మాట చెప్పనక్కరలేదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) జీవితమంతా వస్తుసేకరణకే అంకితం చేసినాడు. 1951లో తెరువబడిన ఆయన పేరిటి మ్యూజియంలో జహంగీరువి, నూర్జహానువి అని చెప్పబడే బాకులు నేడు ప్రజలందరి సొత్తు. ఆ జహంగీరు కాలంలోనే, 1621లో, జలంధరు ప్రాంతాన ఒక ఉల్క పడగా, దాని లోహంలో మామూలు ఇనుము కలిపి ఉస్తాద్ దావూదు అనే పనివాడు ఖడ్గాలను, ఒక బాకును, ఒక చిన్న కత్తిని చేసినట్లు చక్రవర్తి తన స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. ఆ చిన్న కత్తి ఇప్పుడు వాషింగ్టనులోని ఫ్రీర్ చిత్రశాలలో వున్నది. ఖగోళశాస్త్రం, చరిత్ర, లోహవిద్య మూడూ ఒక్క కత్తిలో ఇమిడి వుండడం విశేషం కాదా?

ఇక మిత్రుల మొదటి సందేహం: కత్తులను ప్రేమించేవాడు హింసను ప్రేమించడా? కత్తి మనుషులను చంపినదనే సత్యాన్ని మేము కాదనము. కాని ఆకర్షణ ఎక్కడున్నదో చూడాలి. పుట్టినరోజు కేకును ఖడ్గంతో కోసి ఆ దృశ్యాన్ని సెల్‌ఫోనులో పదిమందికి పంపి పోలీసు కేసులలో చిక్కుకుంటున్న యువకుల సంగతి పత్రికలలో చదువుతున్నాము. వారు కోరినది కత్తిని కాదు, ఇతరుల కళ్ళలో భయాన్ని. సేకర్తకు కావలసినది అందుకు విరుద్ధం. అతడు కత్తిని ఎవరికీ చూపి బెదిరించడు; దీపం వెలుగులో వుంచి అలుగుపై కమ్మరి గుర్తు కోసం వెదకుతాడు. జంతువును జబహ్ చేసేవాడు సైతం కత్తిని బాగుగా పదును పెట్టుకోవాలని, దానిని బాధింపరాదని మన ప్రవక్తగారు బోధించినారు. విజయదశమినాడు కమ్మరులు, వడ్రంగులు తమ పనిముట్లను పూజిస్తారు. పదునైన వస్తువును పట్టేవానికి నిగ్రహం వుండాలనే భావం అన్ని మతాలవారిలోను కలదు.

రెండవది చట్టం. 1959 నాటి ఆయుధాల చట్టం గృహోపయోగానికి, వ్యవసాయానికి మాత్రమే ఉద్దేశించిన పరికరాలను ఆయుధాలుగా పరిగణించదు. ఆయుధ నియమావళి జాబితాలో ఖడ్గాలు, బాకులు, బల్లేలతోపాటు 9 అంగుళాలకు మించిన పొడవుగాని, 2 అంగుళాలకు మించిన వెడల్పుగాని గల అలుగులున్న కత్తులు చేరినవి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాలలో అటువంటివి వుంచుకొనడానికి లైసెన్సు అవసరం. అందుచేత ఖడ్గం, బాకు వంటిదేదైనా ఇంట వున్నవారు పోలీసు ఠాణాలో ముందుగా విచారించుకొనడం ఉత్తమం. నూరేండ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తున్నది. ఏనుగుదంతపు పిడిగల కత్తుల క్రయవిక్రయాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డు వున్నది. మా నియమాలు చట్టం కంటె ఒక మెట్టు కఠినమైనవి: కత్తిని ఇల్లు దాటించి వెంట తీసుకొని తిరుగరాదు, పాత అంచుకు కొత్త పదును పెట్టరాదు, పిల్లలకు అందని చోట తాళం వేసి వుంచాలి.

మూడవది ఖర్చు. బంగారపు పిడుల బాకులు మావంటివారికి అందవు, అక్కరలేదు కూడ. పాత ఇనుప సామానులవారి వద్ద, జుమేరాత్ బజారు వంటి చోట్ల విరిగిన అడకత్తెరలు, అరిగిన కత్తిపీటలు తూకానికి దొరుకుతాయి. వాటి పోషణకు కావలసినది పాతగుడ్డ, కొద్దిగా కుట్టుమిషను నూనె. తోలు ఒర తేమను పీల్చుతుంది కనుక కత్తిని అందులో చిరకాలం వుంచరాదు. నల్లబడిన అలుగును తళతళలాడే వరకు తోమడం మరింత హాని. ఆ నలుపే దాని వయస్సుకు సాక్ష్యం. ప్రతి కత్తికీ ఒక చీటీ వ్రాయాలి: ఏ ఊరిది, ఎవరి చేతిపని, ఏ పనికి వాడినారు, పిడి ఏ కొయ్యది, ఎంత పొడవు. చీటీ లేని కత్తి ఇనుపముక్క. చీటీతో కూడినది చరిత్ర.

చివరిదే అన్నింటికంటె కష్టమైన ప్రశ్న. "మన పేర్లు గలవారి ఇంట కత్తులు దొరికితే లోకం మరొక విధంగా అర్థం చేసుకొనదా?" అని మా శ్రేయోభిలాషులు అంటారు. ఆ భయం నిష్కారణమైనది కాదు. కొందరి విషయంలో వస్తువు కంటె ముందు పేరును చదివేవారు లేకపోలేదు. కాని ఈ భయం వల్ల ఏమి జరుగుతున్నదో కూడ చూడాలి. హద్రమౌతు నుండి వచ్చి నిజాం సైన్యంలో కొలువుచేసిన అరబ్బుల సంతతివారు బార్కస్‌లో వున్నారు. వారి తాతల జంబియాలు, కాతిబుల కలమ్‌తరాష్‌లు వంటివి భయంతో పాత ఇనుమువానికి తూచి ఇచ్చివేస్తే కరిగి ఊచలుగా మారిపోతాయి. వాటితోపాటు ఒక సమాజపు జ్ఞాపకం కరిగిపోతుంది. అనుమానానికి మందు దాపరికం కాదు, బాహాటం. వివరంగా వ్రాసిన పట్టిక, తాళం వేసిన అద్దాల బీరువా, పెద్దల ఎరుక: ఈ మూడూ వున్నచోట అనుమానం నిలువలేదు.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు మాదొక విన్నపం. చరిత్రశాఖ గదిలో ఒక అద్దాల బీరువాకు చోటు ఇప్పించండి. దాని తాళపుచెవి అధ్యాపకుని వద్దనే వుండనివ్వండి. అందులో మొదటి వరుసన ఖడ్గాలు వద్దు. ఒక ప్రక్క కలమ్‌తరాష్‌ను, మరొక ప్రక్క తాటాకు కత్తిని, గంటాన్ని వుంచుదాము. విద్యార్థులు తమ ఇండ్లలోని పాత పనిముట్ల వివరాలను సేకరించి తెలుగులోను, ఉర్దూలోను చీటీలు వ్రాస్తారు. సందేహిస్తున్న మిత్రులు కూడ వచ్చి ఒక్కసారి చూడగోరుతున్నాము. అప్పుడు వారు అడుగబోయే ప్రశ్న "ఎవరి మీదికి?" అనేది కాక "ఇది ఎవరిది, దీనితో ఏమి చేసేవారు?" అనేది అవుతుందని మా నమ్మకం.