హ్యాండిల్ వణికితే బండితో కుస్తీ వద్దు

బిషాన్ (సింగపూర్): ఇక్కడ మన కార్మికుల్లో బండి నడిపేవాళ్లు తక్కువే. పొద్దున్నే లారీ ఎక్కి సైట్‌కి, సాయంత్రం అదే లారీలో డార్మెటరీకి. అలాగని బండితో మనకి సంబంధం లేదా అంటే, ఉంది. ఓవర్‌టైమ్ చేసి పంపిన డబ్బుతో ఊళ్లో తమ్ముడికో బావమరిదికో బండి కొనిచ్చినవాళ్లు మనలో ఎంతమందో! ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఆరోగ్యం రెండు నిమిషాలు, బండి కబుర్లు పది నిమిషాలు.

ఆ కబుర్లలో ఒక మాట మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. "అన్నయ్యా, ఎనభై దాటితే బండి తల ఊపుతోంది" అన్న మాట. రోడ్డు బాగోలేదనో, గాలి తోస్తోందనో కొట్టిపారేస్తాం. "గట్టిగా పట్టుకుని నడపరా" అని సలహా కూడా ఇస్తాం. ఆ సలహాయే ప్రమాదం.

రెండు రకాల ఊపు

వేగంలో బండి నిలకడ తప్పడం ప్రధానంగా రెండు రకాలు. ఒకటి హ్యాండిల్ వణుకు. ముందు చక్రం, ఫోర్క్, హ్యాండిల్ కలిసి కుడి ఎడమలకి టకటకా కొట్టుకుంటాయి. సెకనుకి 6 నుంచి 10 సార్ల దాకా. మనిషి చెయ్యి అంత వేగంగా ఎదురు తిప్పలేదు, అందుకే బలంతో ఆపుదామనుకోవడం దండగ. రెండోది పాము ఊపు. బండి మొత్తం, ముఖ్యంగా వెనక భాగం, ఈతకొట్టినట్టు మెలికలు తిరుగుతుంది. సెకనుకి రెండు మూడుసార్లే కానీ వేగం పెరిగేకొద్దీ ఇది ముదురుతుంది. వణుకు మాత్రం అంత వేగమే అక్కర్లేదు. అరిగిన బండి అయితే 80 నుంచి 60కి తగ్గే సమయంలో, చేతులు వదులుగా ఉన్నప్పుడు కూడా రావచ్చు.

ఎందుకొస్తుందో తెలియాలంటే సైట్‌లో సామాను మోసే ట్రాలీని ఖాళీగా గబగబా తోసి చూడండి. ముందున్న చిన్న చక్రం ఒకటి అదురుతూ పోతుంది. బండి ముందు చక్రం కూడా దాదాపు అలాంటిదే. హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతని కిందికి పొడిగిస్తే అది నేలని తాకే చోటు కంటే టైరు తాకే చోటు కాస్త వెనక ఉంటుంది. చాలా బండ్లలో ఈ తేడా 9, 10 సెంటీమీటర్ల ప్రాంతం. టైరు ఆ గీత వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది కాబట్టి పక్కకి తిరిగినా తనంతట తానే నిటారుకి వస్తుంది. వచ్చిన ఊపులో అవతలి పక్కకి కొంచెం పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. ఆ ఊపు ప్రతిసారీ తగ్గుతూ పోతే మనకి తెలియనే తెలియదు. తగ్గకుండా పెరిగితే అదే వణుకు. బండిని నిలబెట్టేదీ, పడేసేదీ ఒకే గుణమన్నమాట.

ఇది లెక్కకి అందే విషయమే. సైకిల్ ఎలా నిలబడుతుందో విపుల్ అనే ఆంగ్లేయుడు 1899లోనే సమీకరణాలు రాశాడు. మోటార్‌సైకిల్‌కి టైర్ల గుణం కూడా కలిపి 1971లో బ్రిటన్‌కే చెందిన రాబిన్ షార్ప్ లెక్క కట్టాడు. పైన చెప్పిన రెండు ఊపులూ అందులో విడివిడిగా తేలాయి. డిప్లొమాలో మాకు చెప్పినవి దూలాలు, స్తంభాల లెక్కలే కానీ, ఊగే వస్తువు ఏదైనా సూత్రం ఒకటే. ఊపుని మింగేసేది ఏదో ఒకటి ఉండాలి. బండిలో ఆ పని చేసేవి టైర్లు, షాక్ అబ్జార్బర్లు, బిగుతుగా ఉన్న బేరింగులు. ఇవి అరిగితే ఊపుకి పట్టపగ్గాలుండవు.

మేరీమౌంట్ రోడ్డులో

బిషాన్ పక్కనే ఉన్న మేరీమౌంట్ రోడ్డు వెంట నార్త్-సౌత్ కారిడార్ పనులు సాగుతున్నాయి. మొత్తం 21.5 కిలోమీటర్ల ప్రాజెక్టు, ఇక్కడ సొరంగం భాగం. తవ్వకం పనులు జరిగే చోట రోడ్డు తరచూ పక్కకి జరుగుతుంది. ఇనుప పలకలు, ఎత్తుపల్లాలు, అతుకులు. కారువాడికి అది చిన్న కుదుపు. రెండు చక్రాలవాడికి మాత్రం ముందు చక్రాన్ని పక్కకి తన్నే కాలు. బండి బాగుంటే ఆ తన్ను ఒక్క ఊపుతో సరి. లేకపోతే అక్కడే మొదలవుతుంది.

మా సైట్‌లో ఫోర్‌మన్ ఒకాయన మలేషియా తమిళుడు. ఇల్లు జోహార్ బారులో. తెల్లారకముందే బయల్దేరి కాజ్‌వే దాటి బండి మీద వస్తాడు. వెనక పెద్ద పెట్టె, అందులో పనిముట్లు, రెయిన్‌కోటు, టిఫిన్ క్యారియర్. ఒక రోజు సీటీఈ మీద ఫ్లైఓవర్ అతుకు దాటగానే హ్యాండిల్ కొట్టుకోవడం మొదలైందట. "తంబీ, రెండు పక్కలా ట్యాంకుకి తగిలేలా ఊగింది" అన్నాడు. ఆయన పాతికేళ్ల నుంచి నడుపుతున్నాడు. బ్రేక్ ముట్టుకోలేదు. మోకాళ్లతో ట్యాంకుని నొక్కిపట్టి, ముందుకి వంగి, యాక్సిలేటర్ మెల్లగా వదిలేశాడు. కాసేపటికి వణుకు ఆగింది. ఆ మధ్యాహ్నం ఆయన చేతులు చూశాను, టీ గ్లాసు నిలవడంలేదు.

సాయంత్రం సిన్ మింగ్ వర్క్‌షాపుల వైపు నడిపించుకుంటూ తీసుకెళ్లాం. ముందు చక్రం పైకి లేపి, ఫోర్క్ కిందిభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే టక్ టక్‌మంది. అంటే కోన్ సెట్ వదులైపోయింది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో గంటు పడినట్టు ఆగుతోంది. అంటే బేరింగ్ గుంటలు పడింది. వెనక టైరు చూస్తే రోజూ తిన్నగా హైవే మీద తిరిగి తిరిగి మధ్యలో అరిగి పలకగా తయారైంది. ఏ ఒక్కటీ పెద్ద రిపేరు కాదు. అన్నీ కలిసి ఆ పొద్దున మనిషిని తీసుకుపోయేవి.

బిషాన్‌కి కొంచెం ఉత్తరంగా పోతే ఓల్డ్ అప్పర్ థామ్సన్ రోడ్డు వస్తుంది. చెట్ల నీడలో ప్రశాంతంగా ఉండే ఈ రోడ్డు మీద 1961 నుంచి 1973 దాకా గ్రాండ్ ప్రీ రేసులు జరిగేవంటే నమ్మబుద్ధి కాదు. కార్లే కాదు, మోటార్‌సైకిళ్లు కూడా. ఒకచోట దిబ్బలాంటి మెరక ఉండేది, వేగంగా వస్తే చక్రాలు గాలిలోకి లేచేవి. గాలిలో ఉండగా ముందు చక్రం ఏ కాస్త పక్కకి తిరిగినా దిగగానే హ్యాండిల్ కొట్టుకుంటుంది. 1972లో, మళ్లీ 1973లో పోటీదారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడ రేసులు ఆపేశారు.

వెనక బరువే అసలు దొంగ

మాది రావులపాలెం వైపు. అరటి మార్కెట్ గురించి మీరు వినే ఉంటారు. వెనక సీటుకి ఇరువైపులా గెలలు కట్టుకుని గౌతమి వంతెన మీద పోయే బండ్లని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బియ్యం బస్తా, గ్యాస్ బండ, ఎరువు కట్టలు, అన్నీ వెనకే. బరువు వెనక ఇరుసు దాటి వెనక్కీ పైకీ పోయేకొద్దీ ముందు చక్రం తేలికైపోతుంది, వెనక భాగం ఊగడం మొదలవుతుంది. వంతెన అతుకులు ఎలాగూ ఉన్నాయి. నలభైలో పోతే ఫర్వాలేదు. అదే బరువుతో నాలుగు వరసల హైవే ఎక్కి తొంభై కొడితే పాము ఊపుని మనమే పిలిచినట్టు.

పెద్ద కంపెనీల బండ్లకి ఇది రాదనుకోవద్దు. 2007లో బ్రిటన్‌లో పలు పోలీసు దళాలు హోండా ఎస్‌టీ 1300 పాన్ యూరోపియన్ బండ్లని పక్కన పెట్టేశాయి. ఒక పోలీసు మరణంపై జరిగిన విచారణలో అధిక వేగంలో పాము ఊపు సంగతి చర్చకి వచ్చింది. అవి సామాను పెట్టెలతో తిరిగే బండ్లు. 1997లో వచ్చిన సుజుకీ టీఎల్ 1000ఎస్‌ని అయితే వెనక్కి పిలిపించి, హ్యాండిల్ ఊపుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ బిగించారు. మన కుర్రాళ్లు ఇప్పుడు అలాంటి డ్యాంపర్లు కొని స్టైల్‌కి తగిలిస్తున్నారు. కోన్ సెట్ పోయిన బండికి డ్యాంపర్ వేయడం జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే, రోగం లోపలే ఉంటుంది. కంపెనీ చెప్పని వెడల్పు టైర్లు వేయించడం కూడా నాకు నచ్చని పని.

వణుకు వచ్చేస్తే ఏం చేయాలో ఆ ఫోర్‌మన్ చేసి చూపించాడు. హ్యాండిల్ వదలకూడదు, అలాగని చేతులు కర్రల్లా బిగించకూడదు. బిగిస్తే మన ఒంటి బరువు కూడా ఆ ఊపులో కలుస్తుంది. ముందు బ్రేక్ ఒక్కసారిగా పట్టకూడదు. యాక్సిలేటర్ నెమ్మదిగా తగ్గించాలి. స్పీడు పెంచితే ఆగిపోతుందని చెప్పేవాళ్లున్నారు. రోడ్డు మీద ముందు ఎవరున్నారో ఏమిటో, ఆ మాట వినొద్దు.

సింగపూర్‌లో మూడేళ్లు దాటిన బండికి ఏటా తనిఖీ తప్పదు. మన దేశంలో సొంత బండికి రిజిస్ట్రేషన్ గడువు పదిహేనేళ్లు. అప్పటిదాకా ఫిట్‌నెస్ అడిగేవాడు లేడు, ఇంట్లోవాళ్లే అడగాలి. చక్రాల్లో గాలి ఎంతుండాలో చాలా బండ్లలో చెయిన్ కవరు మీద స్టిక్కరు ఉంటుంది. ఇద్దరు ఎక్కితే వెనక చక్రానికి ఎంతో కూడా అక్కడే రాసి ఉంటుంది. గాలి చూడాల్సింది బండి చల్లగా ఉన్నప్పుడు. కోన్ సెట్ మార్పిస్తే పైదీ కిందదీ రెండూ మార్పించాలి. బాల్స్ మాత్రమే వేసి గుంటలు పడిన పాత కప్పులు ఉంచేసే మెకానిక్కులున్నారు, దగ్గరుండి చూసుకోమనండి. మరీ బిగించినా బండి తిన్నగా పోదు. కొత్తది వేయించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగింపు చూపించాలి. అప్పటికి బేరింగులు సర్దుకుని కొద్దిగా వదులవుతాయి.