ఇంధన ఘటాల పాలిమర్ త్వచాలు – సంస్కరించిన బంకమన్ను

ఇంధనాన్ని మండించకుండా, రసాయన చర్య ద్వారా నేరుగా విద్యుత్తునిచ్చే సాధనం ఇంధన ఘటం. హైడ్రోజన్‌కు బదులు ద్రవరూపంలోని మిథనాల్‌ను వాడే ఘటాలలో ఇంధనం నిల్వ, రవాణా సులభం. అయితే వాటి సామర్థ్యాన్ని దెబ్బతీసే లోపం రెండు ఎలక్ట్రోడ్ల నడుమ ఉండే పలుచని పాలిమర్ త్వచంలోనే ఉంది. ఆ లోపాన్ని బంకమన్నుతో సరిదిద్దే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆనోడ్ వద్ద ఒక మిథనాల్ అణువు ఒక నీటి అణువుతో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్‌ను, 6 ప్రోటాన్లను, 6 ఎలక్ట్రాన్లను ఇస్తుంది. ఎలక్ట్రాన్లు బయటి వలయం గుండా, ప్రోటాన్లు త్వచం గుండా కాథోడ్‌ను చేరాలి. డ్యూపాంట్ సంస్థ 1960లలో రూపొందించిన నాఫియాన్ ఇందుకు ప్రసిద్ధమైన త్వచం. టెఫ్లాన్‌ను పోలిన దాని ప్రధాన శృంఖలం నీటిని దరిచేరనీయదు. పార్శ్వ శృంఖలాల చివర ఉండే సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలు నీటిని ఆకర్షిస్తాయి. వాటి చుట్టూ ఏర్పడే సన్నని నీటిదారులే ప్రోటాన్లకు మార్గం. చిక్కంతా ఇక్కడే ఉంది. మిథనాల్ నీటిలో పూర్తిగా కలిసిపోతుంది కనుక అదీ అదే దారిన కాథోడ్‌కు చేరుతుంది. ఇంధనం వృథా అవుతుంది, వోల్టేజీ పడిపోతుంది. త్వచం మందం పెంచితే మిథనాల్ ప్రవాహం తగ్గుతుంది గాని, ప్రోటాన్లకూ నిరోధం పెరుగుతుంది.

బెంటొనైట్‌లోని ప్రధాన ఖనిజమైన మాంట్‌మోరిల్లోనైట్‌లో, సుమారు 1 నానోమీటరు మందం గల సిలికేట్ పలకలు తాళపత్ర గ్రంథంలోని ఆకుల వలె ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. ఈ ఆకులు విడివడి పాలిమర్‌లో పరచుకొంటే, మిథనాల్ వాటిని చుట్టి వెళ్ళవలసివస్తుంది. దాని దారి పొడవవుతుంది. కాని ముడి బంకమన్ను ప్రోటాన్లను నాఫియాన్ అంత బాగా ప్రసారం చేయలేదు. అది మిథనాల్‌తో పాటు ప్రోటాన్లనూ ఆపుతుంది.

అందుకే సంస్కరణ అవసరమైంది. పలకల మధ్య ఉండే సోడియం అయాన్ల స్థానంలో పొడవైన శృంఖలాలు గల అమ్మోనియం అయాన్లను చేర్చడం ప్లాస్టిక్ పరిశ్రమకు తెలిసిన పద్ధతే. దానివల్ల పలకలు పాలిమర్‌లో విడివడతాయి గాని, ఆ శృంఖలాలు ప్రోటాన్లను మోయవు. ఇంధన ఘటాలకు తగిన మార్గం మరొకటి: పలకల అంచులలోని హైడ్రాక్సిల్ సమూహాలకు థయాల్ గల సిలేన్‌ను బంధించి, ఆ థయాల్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆక్సీకరిస్తే అది సల్ఫోనిక్ ఆమ్లంగా మారుతుంది. అంటే నాఫియాన్‌లో ప్రోటాన్లకు దారి చూపే సమూహమే బంకమన్నుకూ అమరుతుంది. మిథనాల్‌కు అడ్డుగా నిలిచే పలకే ప్రోటాన్‌కు మెట్టు అవుతుంది. ఇటువంటి పదార్థాన్ని ‘పూరకం’ అనడం అలవాటే అయినా, ఖాళీని నింపేదన్న ఆ అర్థం ఇక్కడ సరిపోదని నా అభిప్రాయం.

మోతాదు సాధారణంగా బరువులో కొద్ది శాతమే. మించితే పలకలు మళ్ళీ ముద్దకట్టి, త్వచం పెళుసుబారుతుంది. పరిశోధకులు గమనించవలసిన విషయం ఇంకొకటుంది. త్వచం నాణ్యతను ప్రోటాన్ వాహకతకూ మిథనాల్ పారగమ్యతకూ గల నిష్పత్తితో సూచించడం పరిపాటి. వాహకత తగ్గినా, పారగమ్యత అంతకు మించి తగ్గితే ఈ నిష్పత్తి పెరిగినట్లే కనిపిస్తుంది. కాబట్టి రెండు విలువలనూ విడిగా చూడాలి. ఆ త్వచాన్ని ఘటంలో అమర్చి దీర్ఘకాలం నడిపిన తరువాత, పలకలపై ఆమ్ల సమూహాలు ఏ మేరకు నిలిచాయో కూడా కొలవాలి.