చుట్టుదారిన పోయి ముందు చేరిన విమానం

ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గరిదారి ఏది? మీ బళ్ళో గ్లోబు ఉంటే, ఒక దారం తీసుకుని ఆ రెండు ఊళ్ళ మధ్య బిగువుగా లాగి చూడండి. దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. ఇంచుమించు నేరుగా ఉత్తరానికి ఎగబాకి, ధ్రువానికి దాపునున్న మంచుసముద్రం మీదుగా అవతలికి దిగుతుంది. దాని పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు. గోడకు తగిలించిన పటం చూస్తే ఈ సంగతి తట్టదు. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరిస్తే అటువంటి తికమకలు తప్పవు మరి!

ఇక అసలు విశేషం వినండి. ఎయిర్ ఇండియా సంస్థ 2015లో ఈ రెండు ఊళ్ళ మధ్య ఎక్కడా ఆగని విమానం నడపడం మొదలుపెట్టింది. మొదట్లో అది పడమరగా పోయి అట్లాంటిక్ మహాసముద్రం దాటేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో దారి మార్చి, విమానాన్ని తూర్పుగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా పంపారు. ఈ దారి 15,300 కిలోమీటర్లు. అంటే 1,400 కిలోమీటర్ల చుట్టు! అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో చేరుకున్నది. పాత దారిన దాదాపు మరి రెండు గంటలు పట్టేది.

భూమి తిరగడం వల్ల ఇలా జరిగిందా? కాదు. భూమితోపాటు దాని గాలి కూడా తిరుగుతూనే ఉంటుంది. పరుగెత్తే రైలుపెట్టెలో ఎగిరే ఈగ వెనకబడిపోతుందా?

కారణం వేరే ఉన్నది. నేలకు సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, పడమటి నుంచి తూర్పుకు గాలి ఒక నదిలాగా పారుతూ ఉంటుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు ఎక్కువ; ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. గోదావరిలో పడవ ఏటివాలుకు పోవడానికీ, ఎదురెక్కడానికీ ఎంత తేడా! విమానం సంగతీ అంతే. దాని సొంత వేగం గంటకు 900 కిలోమీటర్లనుకోండి. 150 కిలోమీటర్ల వాలుగాలి దొరికితే గంటకు 1,050 పోతుంది. అదే గాలి ఎదురైతే 750 మాత్రమే.

ఇదేదో తొందరగా చేరే సరదా మాత్రమే కాదు. నడుమ ఆగని విమానం తనకు కావలసిన ఇంధనమంతా బయలుదేరేటప్పుడే నింపుకోవాలి. ఎదురుగాలి ఎక్కువైతే ఇంధనమూ ఎక్కువ కావాలి. మోయగల బరువుకు హద్దున్నది గనక అప్పుడు సామానునో, మనుషులనో తగ్గించవలసి వస్తుంది. అందుకే ఏ రోజుకారోజు పై గాలులను చూసుకుని మరీ దారి నిర్ణయిస్తారు.

ఈ గాలినది జాడ 1920ల్లో జపానులో వసబురో ఓయిషి అనే శాస్త్రజ్ఞుడికి దొరికింది. ఆయన బెలూన్లు ఎగరేసి, అవి ఎటు, ఎంత వేగంగా కొట్టుకుపోతున్నాయో లెక్కగట్టాడు. అన్ని దేశాలవాళ్ళూ చదవాలని ఆ వివరాలను ఎస్పరాంటో భాషలో అచ్చువేయించాడు. పాపం, ఆ భాష వచ్చినవాళ్ళు ఎంతమంది? రెండవ ప్రపంచయుద్ధంలో జపాను మీద బాగా ఎత్తున ఎగిరిన అమెరికా విమానాలు ఆ గాలిలో చిక్కుకున్నాకగాని దాని జోరు లోకానికి తెలిసిరాలేదు.

ఇప్పుడొక లెక్క. అక్టోబరు నెలలో శాన్ ఫ్రాన్సిస్కో గడియారం మన గడియారం కంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో విమానమెక్కి, పద్నాలుగున్నర గంటలు ప్రయాణం చేసినవాడు అక్కడ దిగేసరికి, అదే ఆదివారం ఉదయం 6 గంటలవుతుంది! మరి అతనే ఇంకో ఆదివారం ఉదయం 10 గంటలకు అక్కడ బయలుదేరి, 16 గంటలు ప్రయాణం చేస్తే ఢిల్లీలో ఏ రోజున, ఎన్ని గంటలకు దిగుతాడు?