ఎరువుల అంగడి - ఇరుగుపొరుగు



మా ముత్తుకూరు ప్రాంతమున ఒకవైపు వరిచేలు, మఱియొకవైపు రొయ్యల గుంటలు. అందుచే ఎరువుల అంగళ్లలో యూరియా బస్తాలు, పురుగుమందుల సీసాలు, గుంటలలో చల్లు బ్లీచింగు పొడి డబ్బాలు ఒక్కచోటనే కనబడుచుండును. వీనిని గూర్చి తెలిసికొనుట పురుషుల పనియని మేమును చాలకాలము తలచితిమి. నిరుటి వానలు మా తలపును మార్చినవి.

మా వీధి చివరనున్న యొక అంగడి గోదాము గోడ నానుకొని రెండు కాపురములున్నవి. వాయుగుండము పట్టిన రాత్రి గోదాము పైకప్పు కాఱి బ్లీచింగు పొడి తడిసినది. తెల్లవాఱుసరికి ఘాటైన వాసన లేచి, ఆ యిండ్లలోని పిల్లలు దగ్గుచు, కన్నులు నులుముకొనుచు వీధిలోనికి వచ్చిరి. దైవవశమున ఎవరికిని ప్రాణాపాయము కలుగలేదు. అంగడివాఁడు చెడ్డవాఁడు కాడు. "ఇన్నేండ్లుగా ఇట్లే పెట్టుచున్నామమ్మా, ఎన్నడును ఏమియు కాలేదే!" అని వాపోయెను. ఇంతవఱకు ఏమియు కాలేదనుటయే అన్ని ప్రమాదములకును మొదలు.

ఈ వస్తువులలో పెక్కింటికి తడియు, దుస్సాంగత్యమును శత్రువులు. బ్లీచింగు పొడికి ఆమ్లము తగిలినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును; నూనె తగిలినచో మంటలు లేవవచ్చును; యూరియాతో గలసినచో ప్రేలెడు పదార్థ మేర్పడవచ్చును. ధాన్యమును పురుగు పట్టకుండ వాడెడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలకు చెమ్మ తగిలిన మాత్రముననే ప్రాణాంతకమైన ఫాస్ఫీన్ వాయువు వెలువడును. ఆవకాయ జాడీలో తడిగరిటె పెట్టనీయని మనకు ఈ సూక్ష్మము వేఱుగ బోధింప నక్కఱలేదు.

1958వ సంవత్సరమున కేరళమునకు వచ్చుచున్న యొక ఓడలో గోధుమపిండితోపాటు పారథియాన్ అను పురుగుమందును ఎక్కించిరి. ఆ మందు కాఱి పిండిలో గలసెను. అది తిని నూఱుమందికి పైగా మరణించిరి. పిమ్మట 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. తినుబండారములున్న కట్టడమున పురుగుమందుల నుంచరాదను నియమము నేడు కలదు.

2020 మే 7వ తేది తెల్లవాఱుజామున విశాఖపట్టణముకడ వేంకటాపురమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది చనిపోయిరి. అది ఎరువుల అంగడి కాకపోయినను, అందలి పాఠము మనకును వర్తించును. హెచ్చరిక కూఁత మ్రోగింపబడలేదని ప్రభుత్వము నియమించిన సంఘము తేల్చినది. ఇరుగుపొరుగు వారికి సమయమునకు తెలియుట ఎంత ముఖ్యమో చూడుఁడు.

వానల పిదప మేము నలుగురము కూడి అంగడికి పోయి, "అన్నా! మా పిల్లలును నీ పిల్లలును ఈ గోడ ప్రక్కనే నిద్రించుచున్నారు" అని చెప్పి, కొన్ని మార్పులు కోరితిమి. బస్తాలు నేలపైఁ గాక చెక్కబల్లలపై నుంచవలయును. వానకు ముందే కప్పు బాగుచేయింపవలయును. బ్లీచింగు పొడిని యూరియాకు, నూనెకు, ఆమ్లములకు దూరముగ వేఱొక గదిలో నుంచవలయును. ద్రవపు సీసాలను పొడి బస్తాలకు పైఅరలో పెట్టరాదు. పురుగుమందు ఒలికినచో నీటితో కాలువలోనికి కడుగక, పొడి యిసుక చల్లి ఎత్తివేయవలయును; ఆ నీరు గుంటలలో చేరినచో రొయ్యలు చచ్చి, ఒక కుటుంబపు ఏడాది కష్టము మునిగిపోవును. ఏ వస్తు వెక్కడ నున్నదో వ్రాసిన కాగితము వాకిట నంటింపవలయును. అతఁడు మొదట సణిగినను, నెల తిరుగకముందే ఇవన్నియు చేసెను.

మన వంతు పనియు కొంత కలదు. ఖాళీయైన మందుడబ్బాలను నూనెకుఁ గాని నీళ్లకుఁ గాని వాడరాదు. ఘాటు వాసన తోఁచినచో వింత చూడఁబోక, పిల్లలను వెంటఁబెట్టుకొని గాలి కడ్డముగ నడచి మెఱక ప్రదేశమునకుఁ జేరవలయును. క్లోరిన్ గాలికంటె బరువైనది గనుక పల్లములందు నిలుచును. వెంటనే 112కు ఫోను చేయవలయును.

ఇల్లాలి గృహము తన గోడతోనే ముగియదు. ఈసారి వానలు రాకమునుపే మీ వీధిలోని గోదామును ఒకమారు చూచి రండు.