దోపిడీకి బ్యాంకే దారి చెప్పింది

"పాత బ్రిటిష్ దొంగతనం కామెడీల మీద కవర్ స్టోరీ. గురువారం సాయంత్రానికి కావాలి" అన్నారు ఎడిటర్ గారు. చేతిలో రెండు రోజులు. నాలుగు సినిమాలు రాసుకుని కూర్చున్నాను కానీ, మొదటిదాని దగ్గరే చిక్కుకుపోయాను.

'ద లావెండర్ హిల్ మాబ్', 1951. రాసినవాడు టి.ఇ.బి. క్లార్క్. యుద్ధకాలంలో లండన్ పోలీసుల్లో రిజర్వ్ కానిస్టేబుల్‌గా చేసినవాడు. పది లక్షల పౌండ్ల బంగారం ఎలా కొట్టేయాలన్న సందేహం తీర్చుకోవడానికి ఆయన ఏకంగా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌నే అడిగాడట. వాళ్లు గెంటేయలేదు సరికదా, సలహా చెప్పడానికి ఓ కమిటీ వేశారని చెబుతారు. ఆ కమిటీ మినిట్స్ కళ్లముందు ఊహించుకుంటూ ఒక పూటంతా పాడుచేసుకున్నాను. 'అంశం ఒకటి: మనల్ని దోచుకొనుట'.

కాగితం మీద లెక్క కూడా వేశాను. అప్పట్లో ఔన్సు అధికారిక ధర 35 డాలర్లు, పౌండు విలువ 2.80 డాలర్లు. అంటే 80 వేల ఔన్సులు, దాదాపు రెండున్నర టన్నులు! మూట కట్టుకుని గోడ దూకే సరుకు కాదు. ఇరవై ఏళ్లుగా బంగారం వ్యాను వెంట కాపలాగా తిరిగే గుమస్తా హాలండ్‌కి (అలెక్ గిన్నెస్) ఆ సంగతి బాగా తెలుసు. అతను అద్దెకుండే ఇంట్లోకే పెండిల్‌బరీ దిగుతాడు. అతనిది పర్యాటకులకు అమ్మే బొమ్మలు పోతపోసే వ్యాపారం. బంగారు రంగు పూసిన చవక ఈఫిల్ టవర్లలో అసలు బంగారాన్ని ఎవరు వెతుకుతారు?

ఇక దొంగలు కావాలి. పెద్దమనుషులకు దొంగలెక్కడ పరిచయం? కిక్కిరిసిన రైల్లో, 'మా ఫ్యాక్టరీ బీరువా పాడైంది, జీతాల డబ్బంతా అందులోనే ఉంది' అని గట్టిగా మాట్లాడుకుని, రాత్రికి చీకట్లో కాపు కాస్తారు. నాకు సినిమా మొత్తంలో ఇదే ఇష్టం. మా నాన్న ట్రెజరీ గుమస్తా. జీవితమంతా పరాయి డబ్బే లెక్కపెట్టారు. హాలండ్‌ని చూసి ఆయన నవ్విన నవ్వులో కామెడీ కన్నా ఇంకేదో ఎక్కువుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పోలీసులు మాత్రం పట్టుకుంటారు: ఆరు బంగారు టవర్లు పొరపాటున ఇంగ్లిష్ బడిపిల్లల చేతుల్లో పడతాయి మరి.

చరిత్ర క్లుప్తంగా: మాబ్ తీసింది లండన్‌లోని ఈలింగ్ స్టూడియో, అధిపతి మైకేల్ బాల్కన్. దేశంలో 1954 దాకా రేషన్. మాబ్ కథకు క్లార్క్‌కి ఆస్కార్. 1955లో స్టూడియో బీబీసీ చేతికి.

పేజీలో పట్టనివి

'ది ఇటాలియన్ జాబ్' (1969): మినీ కార్లు బ్రహ్మాండం. మనుషులు గుర్తుండరు. అభిమానులు క్షమించాలి.

'ఎ ఫిష్ కాల్డ్ వాండా' (1988): మాబ్ తీసిన చార్లెస్ క్రిక్టనే డెబ్బై ఏడేళ్ల వయసులో దీన్నీ తీశాడు. దర్శకుడిగా ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది.

'ద లేడీకిల్లర్స్' (1955): విలియం రోజ్‌కి కలలో వచ్చిన కథ. ముఠాలోని ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు పోయాక, ఇంట్లో మిగిలిన దొంగసొమ్ము గురించి చెప్పడానికి ముసలమ్మ పోలీస్ స్టేషన్‌కి వెళ్తుంది. వాళ్లు నమ్మరు. నీ దగ్గరే ఉంచుకోమ్మా అని సాగనంపుతారు.