ముప్పై శాతం లెస్సుకు పని పడితే సిమెంటు యాడ తగ్గుతాది?

ఊర్లో రోడ్డు పనో, చెరువు మరవ పనో టెండర్ పడిందంటే రచ్చకట్ట మీద మొదట వచ్చే మాట ఒకటే: "ఎంత లెస్సుకేసినాడంట?" ఇంజనీర్లు కట్టిన అంచనా కన్నా ఎంత తక్కువకు కోట్ చేస్తే అంత లెస్సు. అందరికన్నా తక్కువకేసినోడు ఎల్-1. పని ఆయప్పకే. సర్కారుకు దుడ్లు మిగిల్నాయి గదా అని మనమూ సంతోషపడతాం.

అయితే కంకర, సిమెంటు, కూలి రేట్లు అందరికీ ఇంచుమించు ఒకటే. పది శాతం లెస్సంటే లాభం తగ్గించుకున్నాడనుకోవచ్చు. ముప్పై అంటే? అంచనానే ముందు ఉబ్బించి కట్టుండాల. లేదంటే రోడ్డు మందం తగ్గాల. అదీ కాదంటే పని సగంలో ఆపి, రేటు పెంచమని కూర్చోవాల.

మన దగ్గర 2003 నాటి జీవో 94 ఉండాది. అంచనా మీద 5 శాతం కన్నా ఎక్కువకేస్తే టెండర్ చెల్లదు. 25 శాతం కన్నా ఎక్కువ లెస్సుకేస్తే, ఆ పైన తేడాకు అదనంగా డిపాజిట్ కట్టాల. అంటే దుడ్లు పెడితే చాలు.

యూరోపియన్ యూనియన్ దేశాలు 2014లో పెట్టుకున్న రూలు వేరే. ధర మరీ తక్కువగా కనపడితే, ఆఫీసరు ఆ కంపెనీని అడగాల్సిందే: ఈ ధరకు ఎట్ల చేస్తావు, కూలోళ్ళకు చట్టం ప్రకారం ఇస్తావా అని. జవాబు కుదరకపోతే టెండర్ తోసేయొచ్చు. కూలి చట్టాలు తప్పితేనే ఆ ధర వచ్చిందని తేలితే తోసేయాల్సిందే. వాళ్ళు లెక్క అడుగుతారు, మనోళ్ళు డిపాజిట్ అడుగుతారు.

2019లో జగన్ ప్రభుత్వం రివర్స్ టెండరింగ్ తెచ్చింది. ఎల్-1 ధరను పైహద్దుగా పెట్టి, మళ్ళా ఆన్‌లైన్లో కిందికి పాడించేది. పోలవరంలో 4,987 కోట్ల పనిని మేఘా సంస్థ 4,359 కోట్లకు తీసుకుంది, 628 కోట్లు ఆదా అన్నారు. 2024 ఆగస్టులో చంద్రబాబు మంత్రివర్గం ఆ పద్ధతి రద్దు చేసింది. ఒకరు ఆదా అంటారు, ఇంకొకరు ఆలస్యం అంటారు. ఆ ధరకు పని ఎట్ల అవుతాదని అడిగేటోళ్ళు మాత్రం రెండు పక్కలా తక్కువే.

మనకు తగిలే కథ హంద్రీ-నీవా. ప్యాకేజీలు ఈపీసీ పద్ధతిలో ఇచ్చినారు. సర్వే, డిజైను, కట్టడం అన్నీ కాంట్రాక్టరువే, మొత్తానికి ఒకే ధర. 2012లో జీడిపల్లి రిజర్వాయరుకు నీళ్ళొచ్చినాయి. చేన్లకు పారాల్సిన పిల్లకాలవలు ఏండ్ల తరబడి నిలబడిపోయినాయి. "ఒకే ధర" అన్న మాట కూడా నిలబడలే. 2015లో జీవో 22తో రాష్ట్రంలో ఇట్లాంటి పనులకు ధర పెంచి ఇచ్చే దారి తెరిచినారు. సిమెంటు, డీజిల్ రేట్లు పెరిగినాయి, నిజమే. కానీ ముందు ఎక్కువకేసి ఓడిపోయినోడు ఏమనుకోవాల? యూరప్‌లో ఒప్పందమైనాక పని రూపే మారిపోతే కొత్త టెండర్ పిలవాల. అనుకోని ఇబ్బందితో పెంచాల్సొచ్చినా, ఒక్కో మార్పు అసలు విలువలో 50 శాతం దాటకూడదు. ఆ మార్పును అందరికీ తెలిసేట్టు ప్రకటించాల.

ఆ రూల్సు ఇక్కడికి వచ్చేదాకా మన చేతిలో ఉన్నది సమాచార హక్కు చట్టం. దాంట్లో కాగితాలే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. చానామందికి ఇది తెలీదు. అర్జీకి గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు గడువు 30 రోజులు. "రోడ్డు వివరాలు కావాల" అని రాయొద్దండి, రెండు ముక్కలు రాసి పంపేస్తారు. అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ నకళ్ళు కావాలని పేరు పెట్టి అడగండి. ఏ రోజు ఎంత మందం కొలిచి బిల్లు రాసినారో ఆ ఎం-బుక్కులోనే ఉంటాది.